ఎడమ దిక్కు ఏం లేదు

నేను ఒక కారుని. కాగితాల మీద ఒకరి సొత్తును, రోడ్డు మీద ఇంకొకరి బండిని. ఇట్లాంటి కాపురం మనుషుల్లో ఎవరైనా చేస్తే ఊరంతా నోరు నొక్కుకునేది. కార్లకు మాత్రం ఇది మామూలే.

నేను పుట్టిన కార్ఖానా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇనుప చేతులు నన్ను బిగించాయి, ఇనుప చేతులే రంగు కొట్టాయి. తల్లి ఎవరంటే చెప్పలేను. కానీ నన్ను మొదట ప్రేమగా తాకిన చెయ్యి మాత్రం గుర్తుంది. అది సులోచనమ్మది. ఆలేరు దగ్గరి ఒక పల్లెలో సర్కారు నర్సు. షోరూములో ఎర్రదీ నీలందీ చూపిస్తే వాటివైపు చూడకుండా నా దగ్గరికొచ్చి, "నా చీర రంగే ఉన్నది, ఇదే ఇయ్యి" అంది. జీతం మీద అప్పు తీసుకుని కొన్నది ఆమె, రాయించింది మాత్రం భర్త పేరున. "స్టీరింగు నాది, పేరు నీది. కొట్లాట లేదు" అంది.

ఆ భర్త ఐలయ్య. పత్తి రైతు. బెదిరిన కోడెను ఒంటిచేత్తో నిలబెట్టగలడు గానీ స్టీరింగు చూస్తే చేతులకు చెమటలు పట్టేవి. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్న పెళ్లాం పక్కన కూర్చుని, తలుపు పైనున్న పిడిని చెట్టుకొమ్మ పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? "ఏం ఐలన్నా, కొత్త పెండ్లిపిల్ల లెక్క అత్తగారింటికి సాగదోలుతున్నరా నిన్ను?" అనేవాళ్లు. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వులో సిగ్గు పావలా వంతు, మిగిలింది గర్వం.

ఊరికే కూర్చోబెడితే భయపడుతున్నాడని ఆమె ఆయనకొక పని అప్పజెప్పింది. "కుడి దిక్కు నేను చూసుకుంట. ఎడమ దిక్కు నువ్వు చూడు." ఇక ప్రతి మలుపు దగ్గరా, ప్రతి చౌరస్తాలోనూ ఐలయ్య మెడ చాచి చూసి, "ఎడమ దిక్కు ఏం లేదు, పో" అనేవాడు. అప్పుడే ఆమె గేరు వేసేది. ఆమెకు ఎడమ వైపు కనబడక కాదు. అద్దం ఉంది, కళ్లున్నాయి. అయినా ఆ మాట వినపడేదాకా నన్ను కదిలించేది కాదు.

నా వెనక బంపరు ఎడమ మూల ఒక సొట్ట ఉంది. మొదటి నెలలోనే పడింది. ఆమె బర్రెల కొట్టం దగ్గర నన్ను వెనక్కి తీస్తుంటే ఐలయ్య వెనక నిలబడి "రానీ, రానీ" అంటున్నాడు. రాతి స్తంభం తగిలేదాకా అంటూనే ఉన్నాడు. ఆయన చూపు రాయి మీద లేదు, అద్దంలో కనబడే ఆమె మొహం మీద ఉంది. సొట్ట తీయిద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. "ఉండనీ. నువ్వు వెనక దిక్కుకు పనికిరావని గుర్తుంటది" అంది.

నొప్పులు పడే ఆడవాళ్లను ఆమె దవాఖానకు తీసుకెళ్తుంటే నా వెనక సీట్లో కాన్పులు కూడా అయ్యాయి. అర్ధరోడ్డు మీద పుట్టిన ఒక పిల్లవాడికి నా పేరే పెడతామని వాళ్ల తాత పట్టుబడితే సులోచనమ్మ తిట్టిపోసింది.

తర్వాత ఆమెకే రోగం వచ్చింది. రొమ్ములో గడ్డ. పల్లెలన్నీ తిరిగి ఆడవాళ్లకు జాగ్రత్తలు చెప్పిన మనిషి తన సంగతి ఆలస్యంగా చూసుకుంది. పట్నం దవాఖానకు మొదట్లో తానే నడుపుకుంటూ వెళ్లింది. చేతగాక కిరాయి డ్రైవరును పెట్టుకున్న రోజు ఆమె వెనక సీట్లో పడుకుంది, ఐలయ్య ముందు సీట్లో కూర్చుని అలవాటుగా "ఎడమ దిక్కు ఏం లేదు, పో" అన్నాడు. డ్రైవరు విననట్టే వెళ్లిపోయాడు. వెనక నుంచి ఆమె ఒక్కతే "ఆఁ" అంది.

ఆమె పోయాక రేకుల షెడ్డులో నిలబడ్డాను. బ్యాటరీ చచ్చింది, ఎలుకలు వైర్లు కొరికాయి, కోళ్లు నా కింద గుడ్లు పెట్టాయి. ఐలయ్య రోజూ పొద్దున్నే వచ్చి ఎడమ తలుపు తీసి కాసేపు కూర్చుని, మళ్లీ తలుపు వేసి పొలానికి పోయేవాడు. అట్లా ఏడాది గడిచింది. చూసి చూసి మేనల్లుడు నరహరి అన్నాడు, "మామా, ఇట్లనే ఉంటె ఇనుప సామానోడు కూడ తీస్కపోడు. ఎవరన్న నడుపుకోనీ." నడుపుకోనీ అన్న మాట ఐలయ్యకు తగిలింది, సరేనన్నాడు. నరహరి బ్యాటరీ, వైర్లు మార్పించి, నా ఫోటోలు తీసి ఫోన్లో అమ్మకానికి పెట్టాడు.

ఇక మొదలైంది జాతర. ఒకడు గుమ్మడికాయ కొనేవాడిలా నా తలుపుల మీద వేలితో కొట్టి చూశాడు. ఒకడు ఇంజనాయిల్లో వేలు ముంచి వాసన చూసి, వైద్యుడిలా తల అడ్డంగా ఊపాడు. అందరికీ ఇంజను కావాలి, టైర్లు కావాలి, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కావాలి. ఎవరిని తిప్పిందో ఎవడికీ అక్కర్లేదు.

చివరికి పట్నంలోని ఉప్పల్ నుంచి జనార్దన్ వచ్చాడు. కర్రీ పాయింట్ నడుపుకునే మనిషి, కూరగాయలు తెచ్చుకోవడానికి బండి వెతుకుతున్నాడు. వెంట ఒక మెకానిక్కును తెచ్చుకున్నాడు.

"లేడీస్ నడిపిన బండి. క్లచ్చు అయిపోయుంటది" అన్నాడు మెకానిక్కు, బానెట్ ఎత్తకముందే.

"క్లచ్చు సంగతి నాకు తెల్వదు తమ్మీ," అన్నాడు ఐలయ్య. "నొప్పులు పడే పిల్లను కుదుపు లేకుంట భువనగిరి దాక తీస్కపోయింది. నీతోని అయితదా?"

జనార్దన్ నవ్వాపుకుని అడిగాడు. "మరి ఎందుకమ్ముతున్నవు కాకా? లోపమేమన్న ఉంటె ఇప్పుడే చెప్పు."

"లోపం బండిల లేదు బిడ్డా. నాకు నడుప రాదు."

"మరి ఇన్నొద్దులు నడిపినామె?"

"లేదు."

జనార్దన్ తల వంచుకున్నాడు. వంచుకున్న తలతోనే ఇంకో పదివేలు తగ్గించమన్నాడు. మనుషుల దగ్గర నన్ను ఆశ్చర్యపరిచేది ఇదే. జాలి, బేరం రెండూ ఒకే నోట్లో ఇముడుతాయి వాళ్లకు. ఐలయ్య తగ్గించాడు.

నా బానెట్ మీదే కాగితాలు పరిచి సంతకాలు చేశారు. "పేరు మార్పు వారంల చేయించుకుంట కాకా" అన్నాడు జనార్దన్. నరహరి మామను పక్కకు లాగి, "పేరు మారకముందే బండి ఇయ్యొద్దు మామా. రేపు ఎవరినన్న గుద్దితే కేసు నీ మెడకు పడ్తది" అని గొణిగాడు. "మనిషిని చూస్తె తెలుస్తలేదా" అన్నాడు ఐలయ్య. నాకైతే ఏమీ తెలియలేదు.

గేటు దాటి రోడ్డెక్కబోతుంటే ఐలయ్య ముందుకు నడిచి, రోడ్డు ఎడమ వైపు చూసి, చెయ్యి ఊపాడు. "ఎడమ దిక్కు ఏం లేదు. పో."

పట్నంలో వారం అంటే ఎంతో నాకు అప్పుడే తెలిసింది. వానలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండలు వచ్చాయి, పేరు మారలేదు. నా ఒంటికి పోపు వాసన పట్టింది. జనార్దన్ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. అన్నం వేళకు కూరలు అందాలని ఎర్రలైటు దాటేవాడు, గీత మీద నిలబెట్టేవాడు, మార్కెట్ దగ్గర ఎక్కడ పడితే అక్కడ ఆపేవాడు. స్తంభాల మీది కెమెరాలు క్లిక్కుమనేవి. ఫోటోతో సహా జరిమానా మెసేజ్‌లు ఎవరికి పోతాయి? కాగితాల్లో ఎవరి పేరుంటే వాళ్లకు.

మొదట్లో జనార్దన్ భయపడ్డాడు. ముసలాయన ఫోన్ చేస్తే ఏమని చెప్పాలో అద్దంలో చూసుకుంటూ వల్లె వేసుకున్నాడు. ఫోన్ రాలేదు. ఓసారి నా నంబరు కొట్టి చూస్తే బాకీ ఏమీ లేదు. ఎవరో కట్టేశారు. మళ్లీ పడ్డాయి, మళ్లీ కట్టేశారు. "బంగారమసొంటి ముసలోడు దొరికిండు. పేరు మార్చకు" అన్నాడు మెకానిక్కు. జనార్దన్ భార్య మంజుల మాత్రం ఒకనాడు ఎడమ సీట్లో కూర్చుని, "ఆయన తిండి తీసి జరిమానాలు కడుతున్నడు, మనం సిగ్నళ్లు దుంకుతున్నం" అంది. ఆ ఆదివారమే జనార్దన్ నన్ను తీసుకుని ఆ ఊరికి బయల్దేరాడు.

ఐలయ్య చిక్కిపోయాడు. వచ్చిన మనిషిని పలకరించక ముందే నా వెనక్కి నడిచి సొట్ట మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత ఎడమ తలుపు తీసి కూర్చున్నాడు. జనార్దన్ నోట్ల కవరు చేతిలో పెట్టబోయాడు.

"ఇవి నువ్వు కట్టినయి కాకా. తప్పయింది. రేపే పేరు మార్పిస్త."

ఐలయ్య కవరును నెట్టేసి జేబులోంచి ఫోను తీశాడు. "ఇది చూడు. వాన పడుతున్నది. ఇది మార్కెట్ కాడ. ఇది చూడు, ఎండ మంచిగ పడ్డది. సొట్ట కనవడ్తున్నదా?"

జనార్దన్ తన తప్పులన్నీ వరసగా చూశాడు. ముసలాయన వాటిని పెళ్లి ఫోటోల్లా తిప్పుతున్నాడు.

"ఎనుకనుంచి తీస్తరు బిడ్డా. నడిపేది ఎవరో తెల్వది. తల నీడ ఒక్కటి కనవడ్తది. పక్క సీటు ఖాళీ. గా సీటు నాది. నేను ఏదో పని మీద దిగిననుకుంట. ఆమె సిగ్నల్ కాడ ఆగి నాకోసం చూస్తున్నదనుకుంట."

జనార్దన్ ఆ ఖాళీ సీటు ఫోటోను ఇంకోసారి చూశాడు. "నేను తీసి పంపుత కాకా. రోజొకటి."

"నువ్వు తీస్తె నిలబెట్టి తీస్తవు. నిలబడ్డ బండిని ఏడాది చూసిన. రోడ్డు మీద తిరిగే బండి గావాలె నాకు." ఫోను జేబులో పెట్టుకుని అన్నాడు, "పేరు మార్చకు బిడ్డా. ఆమె రాయించిన పేరు."

"మరి ఎవరినన్న గుద్దితే?"

"గుద్దకు" అన్నాడు ఐలయ్య.

ఆ మాట జనార్దన్‌ను మార్చింది. గీతకు బారెడు ఇవతలే ఆపేవాడు. ఎర్రలైటు పడకముందే బ్రేకు తొక్కేవాడు. నెలలు గడిచాయి, కెమెరాలు నా ముఖం మరిచిపోయాయి. అప్పుడొచ్చింది ఫోను.

"బిడ్డా, బండి మంచిగున్నదా?"

"మంచిగున్నది కాకా. జాగర్తగ నడుపుతున్న."

"మంచిది. జాగర్తనే మంచిది." ఫోను పెట్టేయబోతూ అన్నాడు, "కనవడ్తలేదు, గందుకని చేసిన."

మర్నాడు జనార్దన్ నన్ను కడిగాడు. ముందు భాగం కాదు, వెనక భాగం. సొట్ట మీది బురద గుడ్డతో తుడిచాడు. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడ్డాక నన్ను మెల్లగా గీత దాటించి, కదలకుండా కూర్చున్నాడు. పక్కన బండి మీది మనిషి "కండ్లు నెత్తికెక్కినయా?" అని తిట్టాడు. జనార్దన్ తల కూడా తిప్పలేదు. పైన కెమెరా క్లిక్కుమంది. అప్పటినుంచి నెలకోసారి ఆ కడుగుడు, ఆ తప్పు మాకు అలవాటయ్యాయి.

మొన్న ఒక కానిస్టేబుల్ మమ్మల్ని ఆపి నా నంబరు తన ఫోన్లో కొట్టాడు.

"పెండింగ్ ఉన్నయి."

"ఉండయి సార్. మా కాక కడ్తడు."

"కట్టలే. మూడున్నయి, చూడు. డిస్కౌంట్ ఇచ్చేదాక ఆగుదామనుకున్నరా?"

జనార్దన్ ఆ తెరను చూస్తూ నిలబడిపోయాడు. బేరమాడలేదు, బతిమాలలేదు. అక్కడే కట్టేసి, లోపల కూర్చుని ఐలయ్యకు ఫోన్ చేశాడు. ఎత్తింది నరహరి.

"మామ పోయి మూడు నెలలు దాటిందన్నా. నిద్రలనే పోయిండు. నీకు చెప్దామంటె ఫోన్ల నీ పేరు దొరకలే. 'సులోచన బండి' అని ఉన్నది. ఆ పేరుకు ఫోన్ చేసి ఏమని చెప్పాలె?" మళ్లీ తనే అన్నాడు, "మెసేజ్‌లు ఇంకా వస్తున్నయి. దేనివో, నేను తెరువలే."

మేము శుభ్రంగా కడుక్కుని, గీత దాటి, తిట్లు తిని దిగిన ఫోటోలు అవి.

ఇప్పుడు పేరు మార్చాలంటే పోయిన మనిషి వారసుల సంతకాలు, నానా కాగితాలు కావాలట. జనార్దన్ ఆ పని మొదలు పెట్టలేదు. నేనింకా ఐలయ్య పేరు మీదే తిరుగుతున్నాను.

ఆ రోజు ఫోను పెట్టేశాక నన్ను మెల్లగా చౌరస్తా దాకా తెచ్చాడు. ఎర్రలైటు. గీతకు ఇవతలే ఆపాడు. పచ్చ పడింది. జనార్దన్ మెడ తిప్పి ఖాళీ సీటు మీదుగా ఎడమకు చూశాడు. వెనక హారన్లు మోగుతున్నాయి.

ఎడమ దిక్కు ఏం లేదు. అయినా నేను కదలలేదు.