కోత లేని వైద్యం

పున్నమ్మ సంచిలో రెండు లుంగీలు, తువ్వాలు, పాత రిపోర్టుల కవరు సర్దింది. దుప్పటి కూడా కుక్కుతుంటే తమ్ముడు రత్తయ్య కుట్టుమిషను మీంచి తలెత్తాడు.

"దుప్పటెందుకే అక్కా? ఆసుపత్రికి పోతున్నా, కాపురానికి కాదు."

నందిగామ బస్టాండు ఎదుట ముప్పయ్యేళ్లుగా అతనిది ఒకటే పని, ఊరెళ్లేవాళ్ల సంచులకు జిప్పులు మార్చడం. బొటనవేలి గోరు నల్లబడి చీలిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఈమధ్య మెడ సన్నబడి చొక్కా కాలరు వేలాడుతోంది. గంజి కూడా గొంతు దిగడం లేదు.

ఆరేళ్ల క్రితం అన్నవాహికలో చిన్న కంతి కనబడితే, నోట్లోంచి గొట్టం పంపి కోత లేకుండా తీసేశారు. వారం తిరక్కుండానే మిషను తొక్కాడు. "ఇది పోయింది. పక్కన కొత్తది పుట్టొచ్చు, ఏడాదికోసారి చూపించుకోండి" అన్నారు డాక్టరుగారు. మూడేళ్లు చూపించాడు. ఏమీ లేదన్నారు.

నాలుగోసారి పరగడుపున బయల్దేరుతుంటే, పొరుగావిడ వేదాద్రి నుంచి పులిహోర ప్రసాదం తెచ్చింది. "ప్రసాదం తిండి కిందికి రాదురా" అని పున్నమ్మే నోట్లో పెట్టింది. అక్కడ నర్సు అడిగితే దాచలేక చెప్పేశాడు. మళ్లీ పిలుస్తామని, పరీక్ష చెయ్యకుండా పంపేశారు.

తర్వాత ఆసుపత్రి నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. రాయించింది పున్నమ్మ నంబరే. బడులు తెరిచే రోజులు, కొట్టు నిండా పిల్లల సంచులు. వాడి ఒంటిమీద కోత గీతైనా లేదు. మళ్లీ ఏం చెబుతారోనన్న భయం కూడా. "ఊళ్లో లేడండి" అంది రెండుసార్లూ. తమ్ముడికి చెప్పలేదు. రెండేళ్లయింది.

విజయవాడ బస్సొచ్చింది. తోడు వెళ్తున్న పక్కకొట్టు కిషోర్‌బాబు ముందెక్కి సీటు ఆపాడు. రత్తయ్య ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

"ఒరే, నీకోటి చెప్పాలి" అంది పున్నమ్మ, కిటికీ చువ్వ పట్టుకుని.

"ప్రసాదం సంగతేగా? ఎన్నిసార్లు ఏడుస్తావే! తిన్న నోరు నాది. మళ్లీ పిలుస్తామన్నోళ్లు పిలవలేదు. దానికి నువ్వేం చేస్తావ్?"

కండక్టరు రైట్ అన్నాడు.

"కంచికచర్ల దాటాక మాత్రేసుకో" అని మాత్రం అనగలిగింది పున్నమ్మ.

కొట్లోకొచ్చి కూర్చుంది. మిషను సూది కింద, సగం జిప్పు పట్టిన నీలం సంచి.

ఈసారి కొయ్యాల్సి వచ్చింది. రత్తయ్య తిరిగి నందిగామ రాలేదు. ఫిబ్రవరి తొమ్మిదిన, మధ్యాహ్నం రెండింటికి, విజయవాడలో పోయాడు.