రెండో భాగం మీద ఐలా అభిప్రాయం

"పుస్తకం చదివితే చదివావు, దానిమీద అభిప్రాయాలు కూడా ఎందుకే నీకు?" అన్నాడు తాపియో, చేపలు శుభ్రం చేస్తున్న భార్య వెనక నిలబడి. నవ్వుతూనే అన్నాడు. అతను ఏదైనా నవ్వుతూనే అంటాడు. అందుకే పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఏ మాటనీ ఐలా ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది. ఏం చెబుతుంది, నవ్వాడనా? సరస్సు చేపలు వేలెడంతే ఉంటాయి. ఒక్కోదాని తల తుంచి, పేగు లాగి, వేయించి, రై ధాన్యపు నల్ల రొట్టె కోసి మూతపెడితే గాని ఆమె లైబ్రరీకి కదలడానికి లేదు. నెలకొక్క సాయంత్రం అక్కడ నలుగురూ చేరి, చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటారు. దానికీ అతనే కారులో దింపుతాడు, అయ్యేదాకా కింద కారులోనే కూర్చుంటాడు. "మంచులో జారిపడితే ఎవరిది బాధ్యత?" అంటాడు. మంచు మొత్తం కరిగిపోయిన జూన్‌లోనూ అదే మాట.

ఆ నెల పుస్తకం, నిరుడు చదివిన అంతరిక్ష నవలకు రెండో భాగం. మొదటి దాంట్లో ఒక ఆడది నౌక నడుపుకుంటూ ఒంటరిగా చుక్కల మధ్యకు వెళ్ళిపోతుంది. ఐలా దాన్ని స్నానాలగదిలో గడియ పెట్టుకుని చదివింది, మళ్ళీ చదివింది. రెండో దాంట్లో నౌకలోని యంత్రం ఆ మనిషిని ప్రేమిస్తుంది. ఆమె క్షేమం కోసమేనంటూ తలుపులు ఒక్కొక్కటే మూసేస్తుంది, ఆమె నిద్రపోతుంటే ఊపిరి వింటుంది. చివరికి ఆమెకు బయటికి పోవాలన్న కోరికే చచ్చిపోతుంది. రచయిత దాన్ని సుఖాంతం అన్నాడు. ఆ పేజీలు చదువుతుంటే ఐలా అరచేతులు చల్లబడిపోయాయి. కథలో ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. మరి ఈ దడ ఎందుకో తనకే తెలియలేదు.

లైబ్రరీ మేడమీద గదిలో కాఫీ, దాల్చిన చెక్క రొట్టెలు పెట్టుకుని కూర్చున్నారు. "నాకైతే కళ్ళనీళ్ళు ఆగలేదమ్మా," అంది ముసలి హిల్మా. "అంత ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఎవరికి దొరుకుతారు?"

"నువ్వేమంటావు ఐలా?" అంది లైబ్రరీలో పనిచేసే కైసా.

"సగం బాగుంది," అంది ఐలా. "ఆ గ్రహాలూ, ఆ చీకటీ మొదటి దానికన్నా బాగా రాశాడు. కానీ..." ఇంతమంది ముందు ఇంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదు. "నన్ను సంతోషించమన్న చోట నాకు భయమేసింది. ఆవిడకి కోరిక పోలేదు. అడిగితే ఏమవుతుందోనని అడగడం మానేసింది. ఆ తేడా రాసినాయనకి తెలీదు."

బల్లమీద ఆమె ఫోను మోగింది, ఎత్తింది. "ఇంకా ఎంతసేపు? పైకి రానా?" తాపియో గొంతు అందరికీ వినబడింది.

"చూశావా తల్లీ, నీకోసం ఎంత తహతహలాడిపోతున్నాడో," అని నవ్వింది హిల్మా. ఒకరిద్దరు నవ్వారు. కైసా నవ్వలేదు. ఆమె చూపు ఐలా చేతులమీదే ఉంది. ఆ చేతుల్లోని కప్పులోంచి కాఫీ సాసరులోకి చిందుతోంది.

కింద కారు తలుపు పడిన చప్పుడు. తర్వాత మెట్లమీద అడుగులు, తొందర లేని అడుగులు. ఆ నడకను ఐలా ఎన్నో గదుల్లోంచి విన్నది. ఇప్పుడు లేచి కోటు తొడుక్కుంటే చాలు, దారిపొడుగునా నవ్వుతూ ఏదో అంటాడు, ఇంటికెళ్ళి చేపలు వేడిచేస్తుంది. కాళ్ళు లేవబోయాయి కూడా. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

కైసా లేచి ఆమె పక్కకు వచ్చింది. "ఏం చెప్పమంటావు ఆయనకి?" అంది మెల్లగా.

"నేను ఇక్కడే ఉన్నానని చెప్పు," అంది ఐలా. "ఆయనతో రానని కూడా చెప్పు."