కడగని మరక

మరకకు జానెడు దూరంలో తడిగుడ్డ ఆపి, ఓదిల్ మోకాళ్ళ మీదే పక్కకు జరిగింది. లా ఫెర్రాడ్ కోటలో ఆమె చెయ్యి తగలని చోటు అదొక్కటే. తల్లి కాలం నుంచీ కోట ఊడ్చేది, తాళాలు తీసేది, చూడవచ్చినవాళ్ళకు ఆ మరక కథ చెప్పేది ఓదిల్ ఇంటివాళ్ళే. మనిషి పొట్టి, వేళ్ళ కణుపులు ఉబ్బి ఉంటాయి. కొంతకాలంగా నాలుగు మెట్లెక్కితే చాలు, గుండె దడదడలాడుతోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కోటకు మరమ్మతులు సాగుతున్నాయి. వసారాలో సున్నం కలుపుతున్న గస్తోన్ గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"ఏం ఓదిలక్కా, మీ రాకుమారి లేచిందా?"

"లేచింది. ఆ సున్నం కాళ్ళతో లోపలికొస్తే విరగ్గొట్టమంది."

రాకుమారి అంటే ఇజాబో. గుర్రాలవాడితో లేచిపోబోతుంటే తండ్రే ఇక్కడ పొడిచి చంపాడు. నాలుగు వందల ఏళ్ళయినా నెత్తురు చెరగలేదు. "నీళ్ళు పోశావో, పాపం చుట్టుకుంటుంది" అని తల్లి చిన్నప్పుడే చెంప వాయించి మరీ చెప్పింది. కథలో ఆ పిల్ల "నాన్నా" అని అరిచే చోటికి వచ్చేసరికి ఓదిల్ కళ్ళు తుడుచుకునేది. వినేవాళ్ళు నటన అనుకునేవారు. నటన కానే కాదు. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి, కన్నకూతురు పోయినట్టే ఏడ్చేది.

మధ్యాహ్నం వెల్లుల్లి చారులో రొట్టె ముంచుకు తిని వచ్చేసరికి, నేల బాగుచేయడానికి పట్నం నుంచి వచ్చిన క్లోతిల్ద్ మరక దగ్గర బోర్లా పడుకుని ఉంది. చేతిలోని మందు తడిపిన దూది గోధుమరంగుకు తిరిగింది.

ఓదిల్ గుమ్మం పట్టుకుంది. "అయ్యయ్యో, ఎంత పని చేశావమ్మా!"

"ఇది నెత్తురు కాదు ఓదిల్ గారూ. అక్రోటు తొక్కల రసం." క్లోతిల్ద్ నేలచెక్క ఒకటి ఊడదీసి తిరగేసింది. "ఇవిగో, ఈ గీతలు మిషను రంపానివి. ఈ నేల వేసింది ప్రపంచయుద్ధం అయ్యాకేనని పాత లెక్కల్లోనూ ఉందండీ."

ఓదిల్ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. యుద్ధం అయ్యాక అంటే తను ఉయ్యాల్లో ఉన్నప్పుడు. యుద్ధానికెళ్ళిన తండ్రి తిరిగి రాలేదు. కోట చూడ్డానికి పిట్ట కూడా వచ్చేది కాదట. అక్రోట్లు ఒలిచే రోజుల్లో అమ్మ చేతులు నల్లగా ఉండేవి. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ అంతే గనక ఎవరు అనుమానిస్తారు? పొట్టకూటి కోసం అమ్మ ఒక పిల్లను పుట్టించి, చంపేసింది!

"అయితే... ఆ పిల్ల చావలేదా?"

"ఏ పిల్లండీ?"

"ఇజాబో."

క్లోతిల్ద్ తడబడింది. "ఆ పేరు ఈ వంశంలోనే లేదండీ. ఈ గదిలో ఎవరూ చావలేదు."

ఓదిల్ నవ్విందో ఏడ్చిందో క్లోతిల్ద్‌కు అర్థం కాలేదు. "ముసలిదానా, ఎంత ఏడిపించావే!" అని ఎప్పుడో పోయిన తల్లిని పైకే తిట్టింది. కోపం వెనకే, తనకే విస్మయం కలిగేటంత సంతోషం ముంచుకొచ్చింది. ఆ పిల్లను ఎవరూ పొడవలేదు.

"ఆ మందు ఇక్కడ పెట్టి వెళ్ళు తల్లీ. మిగతాది నేను కడుగుతాను."

"మీకెందుకండీ శ్రమ?"

"మా అమ్మ చేసిన పని. నేనే కడగాలి."

పనివాళ్ళు వెళ్ళిపోయాక మందు, సబ్బుబిళ్ళ, బకెట్టు పెట్టుకుని కూర్చుంది. మొదటి నీళ్ళు పోసేటప్పుడు చెయ్యి ఆడలేదు. పోసింది. పాపమేమీ చుట్టుకోలేదు. ఇక రుద్దడమే రుద్దడం. నురుగు నల్లబడేకొద్దీ తెల్లటి చెక్క బయటపడుతోంది. ఎడమ భుజం లాగుతుంటే, కాస్త అలుపు తీర్చుకుందామని చెంప తడినేలకు ఆనించింది. చల్లగా, హాయిగా ఉంది.

పొద్దున్నే క్లోతిల్ద్ కేక విని గస్తోన్ సున్నం కాళ్ళతోనే లోపలికి పరుగెత్తాడు. "ఓదిలక్కా!" అంటూ భుజం కుదిపి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఈ గదిలో ఎవరూ చావలేదని చెప్పానండీ... నేనే చెప్పాను," అంటోంది క్లోతిల్ద్, గోడకు అతుక్కుపోయి.

ఓదిల్‌ను నలుగురూ మోసుకుపోయారు. మరక ఉన్నచోట నేల తెల్లగా ఆరింది. దాని మధ్యలో, సగం అరిగిన సబ్బుబిళ్ళ చెక్కకు అంటుకుపోయి ఉంది.