నిమ్మకాయలు, బెల్లం, తాడు

ఆదివారం పెద్దగుండు గుట్ట కొన దాకా ఎక్కడానికి కావలసినవన్నీ అనుపమ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది. ఆమె చేసిన తప్పల్లా అదే. తొండుపల్లిలో ఆ ఇంట్లో కాగితం అంటించడమంటే మైకు పట్టుకుని చెప్పడమేనని పదమూడేళ్ల కాపురం తర్వాతైనా తెలిసి ఉండాల్సింది.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. నిమ్మకాయలు, ఉప్పు, బెల్లం, అటుకులు. తాడు ఒకటి. పదకొండింటికి ఎక్కడున్నా సరే వెనక్కి మళ్లాలి. కాగితంలో ఉన్నది ఇంతే. ఎక్కేది తనూ, గోదాంలో తనతో పనిచేసే కళ్యాణీ. దారి చూపడానికి గుట్ట కింది ఊరి అనంతయ్య వస్తానన్నాడు.

శనివారం సాయంత్రం ఎయిర్‌పోర్టు పక్క పార్శిల్ గోదాంలో డ్యూటీ దిగి వచ్చేసరికి గేటుకు ఒక నల్ల మేకపోతు కట్టేసి ఉంది. కట్టింది ఆమె కొత్త తాడుతోనే. నున్నటి బండల దగ్గర పట్టుకోవడానికని నాలుగు దుకాణాలు తిరిగి తెచ్చుకున్న తాడు. దాన్ని మేకపోతు తీరిగ్గా నములుతోంది.

“ఇది ఎవలది?”

“మనదే బిడ్డా. రేపు గుట్టకు గాదా!” అంది అత్త లచ్చమ్మ. ఆమె అరుగు మీద కూర్చుని, చుట్టాలంతా దిగబోతున్నట్టు చేటలకు చేటలు బియ్యం చెరుగుతోంది.

నిజంగానే దిగబోతున్నారు. పొద్దున చాయ్ తాగుతూ అనుపమ మొగుడు యాదగిరి ఆ కాగితాన్ని తల్లికి చదివి వినిపించాడట. నిమ్మకాయలు, బెల్లం, తాడు అని వినగానే లచ్చమ్మకు అంతా అర్థమైపోయింది. నిమ్మకాయలు దండకు. బెల్లం పరమాన్నానికి. తాడు బలిచ్చే యాటకు. విరిగిన కాలు బాగైనందుకు కోడలు మొక్కు తీర్చుకోబోతోంది, నోరు తెరిచి చెప్పడానికి మొహమాటపడుతోంది. ఇంకేముంది, పొద్దు తిరిగేలోగా ఇరవై ఇద్దరికి ఫోన్లు పోయాయి. డీసీఎం బండి మాట్లాడారు. మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఆడబిడ్డ ప్రేమలత తన మనవడి పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయిస్తానంది.

అనుపమ మొగుడి మీదికి పోయింది. “చదివినోనివి చెప్పద్దా, అది మొక్కు గాదని?”

“నాకేమెరుక? తాడని రాసినవ్ గదా,” అన్నాడు యాదగిరి కారు అద్దం తుడుస్తూ. పగలంతా ఎయిర్‌పోర్టు కిరాయిలు కొట్టే మనిషి. హైదరాబాదులో ఏ గల్లీ ఎటు తేలుతుందో చెప్పగలడు గానీ సొంత పెళ్లాం ఎటు పోతోందో చెప్పలేడు.

ఇంతలో నెత్తి మీంచి విమానం పోయింది. ముగ్గురూ నోళ్లు మూసుకుని, అది దాటిపోగానే ఆపిన చోటి నుంచే అందుకున్నారు.

“అత్తమ్మా, ఆ గుట్ట మీద దేవుడే లేడు.”

“గుట్టన్నంక దేవుడు లేకుంట ఉంటడా? లేకపోతే ఎందుకెక్కుతున్నవ్ మరి?”

“ఎక్కనీకే ఎక్కుతున్న!”

లచ్చమ్మ కొడుకు వైపు తిరిగింది. “జరమొచ్చిందేమో జర చెయ్యి పెట్టి చూడురా.”

అనుపమకు ఒళ్లు మండిపోయింది. ఈ గొడవ ఒక్క మాటతో తేల్చేద్దామని అనంతయ్యకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. “అనంతన్నా, గుట్ట పైన గుడి గిట్ల ఏమన్న ఉన్నదా?”

“పైన ఏముంటది అక్కా? బండ, గాలి. గంతే.”

విన్నావా అన్నట్టు అత్త వైపు చూసింది. లచ్చమ్మ చేట పక్కన పెట్టి ఫోన్ మీదికి వంగింది. “కింద?”

“కింద పోచమ్మ తల్లి ఉన్నది గదమ్మా. మస్తు మహిమ గల తల్లి.”

ఫోన్‌ను మేకపోతు నోట్లో పెట్టేద్దామన్నంత కోపం వచ్చింది అనుపమకు. దిగమింగుకుంది. “సరే. మీరు కింద పోచమ్మ దగ్గర వండుకోండ్రి. నేను ఎక్కొస్త.”

“నువ్వెందుకెక్కుతవ్? నీ పేరు మీద కొబ్బరికాయ యాదగిరి పైకి తీస్కపోయి కొట్టొస్తడు. నువ్వు కింద కూసో.”

కూసో. ఆ మాట వింటే చాలు, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నిరుడు గగన్‌పహాడ్ దగ్గర లారీ తగిలి స్కూటీ మీంచి పడితే కుడికాలి ఎముకలో రాడ్డు వేశారు. ఎనిమిది నెలలు మంచం. ఎముక అతికింది, ఇక పరుగెత్తినా పర్వాలేదని డాక్టరు చెప్పాడు గానీ ఇంట్లోవాళ్లకు అతకలేదు. బిందె ముట్టుకుంటే కూసో. మెట్లెక్కబోతే కూసో. బతుకమ్మ చుట్టూ వాడకట్టంతా తిరుగుతుంటే ముప్పై ఆరేళ్ల మనిషికి పక్కన కుర్చీ వేశారు. ఆ రోజు నవ్వుతూనే కూర్చుంది, ఇంటికొచ్చి ఏడ్చింది. మర్నాటి నుంచి రోజూ భోజనం వేళ పది లీటర్ల నీళ్లు వీపున వేసుకుని గోదాం మెట్లు ఎక్కి దిగుతోంది. ఎవరినో గెలవడానికి కాదు. ఆ కాలు తనదో, ఇంట్లోవాళ్లదో ఒక్కసారి తేల్చుకోవాలి.

“నా కాలు బాగైందని మొక్కు. ఆ కాలుతోని నేను ఎక్కొద్దు. గట్లనే గదా? మరి ఈ మొక్కు ఎవరి కాలుకు అత్తమ్మా?”

అనుపమ విసురుగా వెళ్లి గేటుకున్న ముడి లాగింది. తన తాడు తనకు కావాలి. ముడి వదలడమే ఆలస్యం, మేకపోతు తాడుతో సహా దూకి, ఎదురుగా సగం కట్టి వదిలేసిన బిల్డింగు మెట్లెక్కేసింది.

యాదగిరి వెంటపడ్డాడు. రెండో అంతస్తులో స్తంభం పట్టుకుని రొప్పుతూ నిలబడిపోయాడు. అనుపమ అతన్ని దాటుకుని పైకి పోయింది. పోచమ్మకని తెచ్చిన మేకపోతు నాలుగో అంతస్తు పైన స్లాబు అంచున నిలబడి ఎయిర్‌పోర్టు వైపు చూస్తోంది. తాడందుకుని దాన్ని మెల్లగా దగ్గరికి లాక్కుంది. కిందికి నడిపిద్దామంటే మొండికేసింది. భుజాల మీద వేసుకుని, కాళ్లు గట్టిగా పట్టుకుని, పిట్టగోడ లేని ఆ మెట్లన్నీ ఒక్కొక్కటే దిగింది. రాడ్డున్న చోట మంట పుడుతూనే ఉంది.

లచ్చమ్మ మేకపోతు వైపు చూడనైనా లేదు. కోడలి ముందు గొంతుక్కూర్చుని ఆ కాలిని రెండు బొటనవేళ్లతో నొక్కి చూసింది. “నొస్తలేదా?”

“నొస్తది.”

“మరి?”

“నొస్తది. అయినా ఎక్కుతది.”

లచ్చమ్మ చాలాసేపు ఆ కాలు వదల్లేదు. తర్వాత లేచి మేకపోతు మెడలోంచి తాడు విప్పింది. నమిలిన కొసను కొంగుతో తుడిచి, చుట్ట చుట్టి అనుపమ సంచిలో పెట్టింది. పాత చీర పేలిక చింపి దానితో మేకపోతును మళ్లీ గేటుకు కట్టింది.

“ఒరేయ్ యాదగిరి, డీసీఎం నాలుగింటికే రమ్మను,” అంది. ఆ తర్వాత కోడలి వైపు తిరిగింది. “పదకొండుకు మళ్లుతనని రాసినవట. ఒంటిగంట దాక చూస్త. కిందికి రాకపోతే ఇగ నేనే ఎక్కొస్త.”