కిటికీ దాటిన దారం

పొద్దున్నే ఇంట్లో వేలాడే వైఫై దారాలను పక్కకు తప్పించుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్లడం టైలరమ్మకు అలవాటు. బీరువా మీది రూటర్ నుంచి ఒక్కో ఫోనుకూ ఒక్కో సన్నటి వెలుగు దారం. వాటి మీద తడి చేతిరుమాళ్లు ఆరేస్తే ఇట్టే ఆరిపోతాయి. ఎవరి మీద కోపమొచ్చినా ఆమె చేసే మొదటి పని పాస్‌వర్డ్ మార్చేయడం.

అందుకే ఆ ఆదివారం, లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త, అరచేతిలో ఇమిడే పాత గేమ్ కన్సోల్ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"పాస్‌వర్డ్ చెప్పవే. ఇవాళ మా షాపు మూత, అక్కడి వైఫై లేదు."

"అంటే రోజూ షాపులో ఇదా మీరు చేసేది? ఎవరితో ఆడతారు?"

"ఎవరో ఒకరు దొరుకుతారులే."

ఎవరో ఒకరు! టైలరమ్మ కత్తెర కింద పెట్టింది. పక్క గదిలో కూతురు సంచి సర్దుకుంది. లిఫ్టు పని నేర్చుకుంటానంటే తండ్రి "ఆడపిల్లకెందుకా పని" అన్నాడని, అతనితో మాట మానేసింది. సాయంత్రం బస్సుకు తను పిన్ని వాళ్ల ఊరెళ్లిపోతోంది, ఇక రానంటోంది. ఈయనకేమో ఆటలు!

ఎవరితోనో తేలుద్దామని కన్సోల్ లాక్కుని తనే పాస్‌వర్డ్ నొక్కింది. కలవలేదు.

"వైఫై పేరు చివర ఐదు అనుండేది కాదే, రెండు పాయింట్ నాలుగు అనుండేది నొక్కు. పాత సరుకు, దీనికి ఐదు కనపడదు."

"అబ్బో, అన్నీ నేర్చుకునే వచ్చారన్నమాట!"

ఈసారి కలిసింది. కన్సోల్ నుంచి కొత్త దారం రూటర్‌ను చుట్టి కిటికీలోంచి బయటపడింది. అవతలి మనిషి ఎక్కడుంటే అక్కడిదాకా పోతుందది. టైలరమ్మ చెప్పులేసుకుని దాన్ని పట్టుకుని వీధిలోకి నడిచింది.

"ఎవరి దారమండీ?" అన్నాడు ఇస్త్రీ అతను.

"మా ఆయనది."

"అయితే గట్టిగా పట్టుకోండి!"

దారం వీధి దీపం స్తంభం చుట్టూ తిరిగి, వెనక్కి మళ్లి, వాళ్లింటి పక్క సందులోకే దూరి, కూతురి గది కిటికీలోకి వెళ్లింది. లోపల కూతురు సర్దిన సంచి మీద కూర్చుని, తన కన్సోల్‌లో కార్ల పందెం ఆడుతూ, తనలో తను నవ్వుకుంటోంది.

ఈయన ఎవరో తెలియని మనిషిలా కూతురితోనే ఆడుతున్నాడా!

వదులు దారం చూస్తే టైలరమ్మ చేతులు ఊరుకోవు. లాగి మోచేతికి చుట్టసాగింది. ఆట మధ్యలో కన్సోల్ వదలడం ఇద్దరికీ ఇష్టం లేదు. దారం పొట్టిదవుతున్న కొద్దీ ఆ కొసన తండ్రి, ఈ కొసన కూతురు జరుగుతూ జరుగుతూ వచ్చి ఆ కిటికీ దగ్గర ఒకరికొకరు తగిలారు.

"రోజూ మధ్యాహ్నం నా చేతిలో ఓడిపోయేది నువ్వా నాన్నా?"

"కావాలని కాదే. నిజంగానే రాదు నాకు."

"మలుపు దగ్గర బ్రేకెందుకు వేస్తావు మరి?"

"నేర్పవే. లిఫ్టు పని నేను నేర్పుతా. రేపే రా, నాతో."

కూతురు మళ్లీ సంచి మీద కూర్చుని, పక్కకు జరిగి తండ్రికి చోటిచ్చింది.

బస్సు వేళ దాటిపోయింది. కిటికీ బయట టైలరమ్మ చుట్టిన దారాన్ని ఊచకు ముడేసింది. లాగి చూసింది. ఎందుకైనా మంచిదని ఇంకో ముడి వేసింది.