ఆగితే వచ్చే మాట

ఆ ఇంట్లో సాయంత్రమైందంటే కుట్టుమిషన్ చప్పుడు, దాన్ని మించి తల్లి గొంతు.

"పిచ్చుకా, స్టవ్ కట్టేసి, తమ్ముణ్ణి లేపి, వచ్చేటప్పుడు అల్మారా పై అరలో నల్లదారం ఉంటుంది, తీసుకురా."

తొమ్మిదేళ్ళ పిల్ల లోపలికి వెళ్ళింది. తమ్ముణ్ణి లేపింది. ఆ తర్వాత గది మధ్యలో అలాగే నిలబడిపోయింది. దారం రాలేదు. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే," అంది నానమ్మ.

"చెవులకేం, బాగానే ఉన్నాయి. ఒళ్ళంతా పొగరు," అన్నాడు తండ్రి. ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఓపిక అడుగంటి ఉంటుంది.

ఇలాంటి మాటలు మన ఇళ్ళలో మాత్రం వినబడవా? మూడు పనులు చెబితే ఒకటే చేసిన పిల్లను బద్ధకస్తురాలంటాం. జవాబు చెప్పకపోతే మొండిఘటం అంటాం. కావలసిన మాట దొరక్క "అదీ... ఇదీ..." అని తడుముకుంటుందని బళ్ళో పిల్లలు పిచ్చుకకు 'అదీ ఇదీ' అనే పేరు పెట్టారు.

ఒకరోజు బళ్ళో చిన్నపిల్లల గదిలో పుస్తకాల బీరువా కూలింది. అద్దం పగిలి ఒక పాప మోచెయ్యి గీసుకుంది. అక్కడున్న పెద్దపిల్ల పిచ్చుక ఒక్కతే.

"ఎందుకు లాగావు?" అని గద్దించింది హెడ్మిస్ట్రెస్.

"పాప... కింద... నేను అదీ... ఇట్లా..."

రెండోసారి గద్దించేసరికి ఆ కాస్త మాటా పోయింది. కళ్ళారా చూడని పిల్లలు మాత్రం పిచ్చుకే లాగిందని గుక్కతిప్పుకోకుండా చెప్పారు. తండ్రి యూనిఫాంతోనే పరుగున వచ్చి, అందరిముందూ చెయ్యెత్తాడు. క్లాసు టీచరు అడ్డుపడింది.

"కొడితే ఏమొస్తుందండీ? ముందు చెవులు చూపించండి."

చెవుల డాక్టరు పరీక్షించి వినికిడి బాగుందన్నాడు. "నేను చెప్పలా?" అని భార్యవైపు చూశాడు తండ్రి. డాక్టరు వాళ్ళను పక్కగదిలోని స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాడు.

ఆమె పిల్లను బొమ్మలతో ఆడించింది, చిన్నచిన్న ప్రశ్నలడిగింది, జవాబు కోసం తొందరపడకుండా కూర్చుంది. తండ్రి బీరువా గొడవ చెప్పాక, పిల్లవైపు తిరిగింది.

"మాటలు వద్దమ్మా. ఆ రోజు ఏమైందో చేసి చూపించు."

పిల్ల లేచి, తల్లి చెయ్యి పట్టుకుని గోడ పక్కన నేలమీద కూర్చోబెట్టింది. తల్లి ఇప్పుడు ఆ చిన్నపాప. ఉన్నట్టుండి పిల్ల గోడవైపు ఉరికి, పైనుంచి వాలుతున్న బీరువాను ఆపుతున్నట్టు భుజం ఆనించింది. కాలితో తల్లిని పక్కకు నెట్టింది. భుజం జారింది.

"అదీ... పడింది," అంది.

"ఆ రోజే ఈ మాట చెప్పొచ్చు క..." అనబోయి తండ్రి ఆగిపోయాడు.

"చెబుతూనే ఉంది కదండీ," అంది థెరపిస్టు. "తెలివికి లోటేమీ లేదు. విన్న మాటల్ని అందుకోవడం, చెప్పాల్సిన మాటల్ని కూర్చుకోవడం తనకు కష్టం. ఇది మీ పెంపకం లోపం కాదు, తన బద్ధకమూ కాదు. తరగతికి ఒకరో ఇద్దరో ఇలాంటి పిల్లలు ఉంటారు. పైకి ఏమీ కనబడదు కాబట్టి తిట్లు తింటారు. భాష రాని ఊళ్ళో మీరు బస్సు నడుపుతుంటే, పదిమంది ఒక్కసారే దారి చెప్పారనుకోండి. ఏం చేస్తారు?"

"పక్కకు తీసి ఆపేస్తాను."

"మీ అమ్మాయీ అదే చేస్తోంది."

"మందేమైనా ఉందా అమ్మా?"

"మందు లేదు. నేర్పే పద్ధతులున్నాయి, నేను నేర్పుతాను. మీరు ఒకసారికి ఒకే పని చెప్పండి. చెప్పి, కాసేపు ఆగండి."

తండ్రి బడికి వెళ్ళి జరిగింది చెప్పాడు. హెడ్మిస్ట్రెస్ పిల్లను పిలిచి, "తప్పు నాదమ్మా," అంది. అంతటితో కష్టాలన్నీ తీరలేదు. లెక్కల్లో పొడుగు ప్రశ్నలు ఇప్పటికీ ఆమెకు చిక్కుముళ్ళే. నానమ్మ అలవాటుకొద్దీ ఒక్క గుక్కలో పురాణం విప్పి, మధ్యలో నాలుక్కరుచుకుంటుంది.

మొన్న మేనమామ వచ్చి, "ఏమే కోడలా, బళ్ళో ఏం చెబుతున్నారు?" అని అడిగాడు.

"కప్ప... అదీ..."

నానమ్మ అందుకోబోయింది. తండ్రి చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఆగమ్మా, అదే చెబుతుంది."

అందరూ ఆగారు. పిల్ల పైకప్పు వంక చూసి, మాట వెతుక్కుంది.

"కప్ప నీళ్ళల్లో ఉంటుంది. బయటా ఉంటుంది. రెండుచోట్లా బతుకుతుంది."

"మీ నానమ్మ పుట్టింట్లోనూ అత్తింట్లోనూ బతికినట్టు," అన్నాడు మేనమామ. పిల్ల నవ్వింది.

పిల్లల నోట మాట ఆగినప్పుడు మనం చేయవలసిన మొదటి సాయం గొంతు తగ్గించడం, రెండోది వాళ్ళు చెప్పేదాకా ఓపిక పట్టడం.