కంటి శిబిరం గంట

నేను ఒక ఇత్తడి గంటను. గుడిలో వేలాడే భాగ్యం నాకు లేదు, బడి వదిలి పిల్లల్ని ఇంటికి పంపే పుణ్యమూ లేదు. ఒక సేవా క్లబ్బు వారి బల్ల మీద కూర్చునేదాన్ని. ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి ఊళ్ళో పోత పోసి, చెక్క చట్రానికి బిగించి, చిన్న కొయ్య సుత్తి జతచేసి, పాలకొండ అవతల ఒక చిన్న ఊరికి బస్సులో పంపారు. అది డెబ్బై నాలుగో సంవత్సరం.

నన్ను తెప్పించినవారు డ్రిల్లు మాస్టారు గురుగుబిల్లి లోకనాథం గారు. పట్నంలో అలాంటి క్లబ్బును చూసి వచ్చి, మన ఊరికి మాత్రం ఏం తక్కువని పదకొండు మందిని కూడగట్టి, తానే అధ్యక్షుడయ్యారు. ఊరికి ఏం సేవ చేయాలన్నది పది నిమిషాల్లో తేలింది: కంటి శిబిరం. కోటుకు పెట్టుకునే బిళ్ళ ఏ రంగులో ఉండాలన్నది తేలడానికి మూడు వారాలు పట్టింది. వాళ్ళలో ఒక్కరికీ కోటు లేదు, అది వేరే సంగతి. నవ్వకండి, మంచివాళ్ళే పాపం.

నియమాలు మాస్టారే రాశారు. అధ్యక్షుడు గంట కొట్టందే ఏ కార్యక్రమమూ మొదలు కాకూడదు. ముఖ్య అతిథి ఉన్న రోజున ఆయన వచ్చి కూర్చున్నాకే కొట్టాలి. ఆ ముక్క చదివినప్పుడు నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శిబిరం హైస్కూల్లో పెట్టారు. విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరు గారు ఎనిమిదింటికే సిద్ధమయ్యారు. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు ఆయన వెళ్ళిపోవాలి. వరండాలో పాతిక మంది చీటీలు పట్టుకుని కూర్చున్నారు. పదిహేడో చీటీ అసిరమ్మది. ఈత చాపలు అల్లుకుని బతికే మనిషి. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదానికి పొర కమ్ముతోంది. ఆ కన్ను నిలిస్తేనే ఆమెకు కూడు.

ముఖ్య అతిథి శిబిరానికి చందా ఇచ్చిన బియ్యం మిల్లు యజమాని. పదింటికి రావాలి. పదకొండయినా రాలేదు.

"నేను మొదలుపెట్టేస్తాను మాస్టారూ," అన్నారు డాక్టరు గారు.

"ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి బాబూ. పెద్దమనిషిని పిలిచి, ఆయన రాకుండా మొదలెట్టేస్తే బాగోదు," అన్నారు మాస్టారు, సుత్తి చేతిలో పట్టుకుని.

ఆ పది నిమిషాలు ఒంటిగంట దాకా సాగాయి. నాకు చేతులుంటే నన్ను నేనే కొట్టుకునేదాన్ని. ఆయన వచ్చారు, దండలు పడ్డాయి, నేను మోగాను. తర్వాత ఆయన ముప్పావుగంట సేవ గురించి మాట్లాడారు. నాలుగయ్యేసరికి పద్నాలుగు ఆపరేషన్లు పూర్తయ్యాయి. మిగిలినవాళ్ళ చేతిలో తలా ఒక అరటిపండు పెట్టి, వచ్చే నెల రమ్మన్నారు.

వచ్చే నెలకు ఆ డాక్టరు గారికి బదిలీ అయింది. ఇంకొకరిని బతిమాలి తెచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. ఈసారి ముఖ్య అతిథిని పిలవలేదు. తెల్లారగానే మాస్టారు నన్ను కొట్టారు. కొత్త డాక్టరు అసిరమ్మ కన్ను చాలాసేపు చూశాడు.

"పొర ముదిరిపోయి లోపల నరం దెబ్బతింది. ఇప్పుడు ఆపరేషన్ చేసినా చూపు రాదు. ఆరు నెలల కిందటైతే వచ్చేది," అన్నాడు.

అసిరమ్మను ఆమె కూతురు చెయ్యి పట్టుకుని మా బల్ల దగ్గరికి తీసుకొచ్చింది.

"తప్పు నాదమ్మా. ఆ రోజు నేను ఆపకపోయి ఉంటే..." మాస్టారి మాట పూర్తి కాలేదు.

"మీరేటి సేత్తారు బాబూ, ఊరుకోండి," అంటూ అసిరమ్మ బల్ల తడుముకుంది. చాపలు అల్లి అల్లి కాయలు కాసిన వేళ్ళు నాకు తగిలాయి.

"ఆ దినం మోగింది ఇదేనేటి?"

"అవునమ్మా."

"దీని మోత ఇని ఎంత సంబరపడ్డానో బాబూ. నా కన్నొచ్చీసిందనుకున్నాను."

మాస్టారు మళ్ళీ సుత్తి ముట్టుకోలేదు. క్లబ్బుకు కొత్త అధ్యక్షుడు వచ్చాడు. ఆయన కొట్టినప్పుడల్లా మోగుతున్నాను. నేను ఏడ్చినా వచ్చేది ఆ మోతే కదా, ఎవరికి తెలుస్తుంది.